అపోర్షన్‌మెంట్ మొత్తం కట్టాలా, వీలైనంత కట్టి ఊరుకోవాలా?

కొత్తకమిటీ
అందరికీ వందనాలు. అమెరికాలో ఒక చిన్న యునైటెడ్ మెథడిస్టు సంఘం మాది. ఈ ఏడాది నన్ను ఫైనాన్స్ కమిటీలో వేశారు. ఆఫీసు లెక్కలు చూసే అలవాటుంది కదా, ఇవెంతలే అనుకుని ఒప్పుకున్నాను.

వచ్చే ఏడాదికి మా సంఘం కట్టాల్సిన వాటా, అంటే అపోర్షన్‌మెంట్, ఇంత అని యాన్యువల్ కాన్ఫరెన్స్ (మా ప్రాంతంలోని సంఘాలన్నిటినీ చూసే పై విభాగం) నుంచి ఉత్తరం వచ్చింది. ఆరాధనకు వచ్చేవాళ్లు తగ్గారు, కానుకలు తగ్గాయి, వాటా మాత్రం పెరిగింది. కమిటీలో తలా ఒక మాట. మొత్తం కట్టాల్సిందేనని ఒకరు. సగం కట్టి, మిగతాది పేదలకు సరుకులిచ్చేందుకు మనం నడిపే ఫుడ్ ప్యాంట్రీకి పెడదామని ఇంకొకరు. మూడో ఆయనైతే ఈ డబ్బు ఎటు పోతోందో చెబితే తప్ప ఒక్క డాలరుకు కూడా చెయ్యెత్తనని భీష్మించుకు కూర్చున్నాడు. ఆయనకు జవాబు చెప్పగలిగేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు, పాస్టరు గారితో సహా.

చార్జ్ కాన్ఫరెన్స్, అంటే సంఘం ఏడాదికోసారి పెట్టుకునే నిర్ణయాల సమావేశం, దగ్గర పడింది. ఈ వాటా ఎలా లెక్కిస్తారు, ఎవరికి చేరుతుంది, కట్టకపోతే ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

లెడ్జర్‌బాబాయ్
వందనాలు బాబూ. చాలా ఏళ్లుగా మా సంఘం ట్రెజరర్ పని నాదే. మెల్లిగా చదువుకో.

నాలుగేళ్లకోసారి జనరల్ కాన్ఫరెన్స్, అంటే మన చర్చి అత్యున్నత సభ, కూడుతుంది. మొత్తం డినామినేషన్‌కు, అంటే యునైటెడ్ మెథడిస్టు శాఖ మొత్తానికి, నాలుగేళ్ల బడ్జెట్ తేల్చేది అక్కడే. ఆ మొత్తంలో ఏ యాన్యువల్ కాన్ఫరెన్స్ ఎంత భరించాలో జీసీఎఫ్ఏ, అంటే ఆర్థిక, పరిపాలనా వ్యవహారాల జనరల్ కౌన్సిల్, లెక్క కడుతుంది. ప్రతి యాన్యువల్ కాన్ఫరెన్స్ ఆ మొత్తానికి తన సొంత ఖర్చులు కలుపుకుని స్థానిక సంఘాలకు పంచుతుంది. మీకొచ్చిన ఉత్తరం ఈ చివరి మెట్టు నుంచి వచ్చింది.

పంచే పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని కాన్ఫరెన్సులు సంఘం ఆదాయంలో పదో వంతు అడుగుతాయి. చాలా చోట్ల సంఘం ఖర్చును బట్టి లెక్క. ఏడాది చివర మనం నింపే గణాంకాల ఫారంలో ఖర్చంతా ఉంటుంది. అందులోంచి భవన నిర్మాణం, పెద్ద ఆస్తి పనులు, అప్పు వాయిదాలు, బయటి పరిచర్యలకు ఇచ్చినవి, కట్టిన అపోర్షన్‌మెంట్ తీసేస్తారు. మిగిలింది సంఘం నడవడానికి అయిన ఖర్చు: పాస్టరు జీతం, సిబ్బంది, కరెంటు, సండే స్కూలు లాంటివి. వాటా ఆ మొత్తం మీదే.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకో. ఖర్చు 2 లక్షల 40 వేల డాలర్లు. తీసేయాల్సినవి 80 వేలు. మిగిలింది లక్షా 60 వేలు. కాన్ఫరెన్స్ రేటు 12 శాతం అయితే మీ వాటా 19,200. అందులో జనరల్ చర్చికి, అంటే మొత్తం డినామినేషన్ స్థాయి పనికి, చేరేది నాలుగు వేల పైచిలుకు ఉంటుందేమో. మిగతాదంతా మీ కాన్ఫరెన్స్, డిస్ట్రిక్ట్ స్థాయిలోనే ఖర్చవుతుంది. ఎక్కడో పైవాళ్లు తినేస్తున్నారనే మాట వినబడినప్పుడల్లా నేను ఈ లెక్కే చూపిస్తాను.

ఆల్టో_అక్క
బాబాయ్ గారూ, ఒక్క డాలరులో 85 సెంట్ల దాకా స్థానిక సంఘంలోనే ఉంటాయని ఒక కరపత్రంలో చదివాను. నిజమేనా?

లెడ్జర్‌బాబాయ్
దాదాపు అంతేనమ్మా. డినామినేషన్ వాళ్లు చెప్పే సగటు అది. సంఘాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

సూటిమాట
సగటు లెక్కలు బాగానే ఉంటాయి. నన్ను అడిగితే కొత్తకమిటీ గారి కమిటీలో ఆ మూడో ఆయనే సరైన మనిషి. మా సంఘంలో ఆరాధనకు వచ్చేవాళ్లంతా కలిసి నాలుగు వరుసలు నిండరు. నర్సరీలో పెయింటు పెచ్చులూడుతోంది. అయినా బిషప్ ఆఫీసుకు, కమిషన్లకు, మేమెప్పుడూ చూడని బోర్డులకు నెల నెలా చెక్కు రాయాలి. నాకు సేవ చేయాలని ఉంటే నేరుగా మన చర్చి విపత్తు సహాయ సంస్థ అమ్కోర్‌కు పంపుతాను. తుఫాను బాధితులకు అక్కడైతే నూటికి నూరూ అందుతాయి. మధ్యలో ఈ దారంతా ఎందుకు?

విశ్రాంత_పాదిరి
సూటిమాట గారూ, మీరన్న అమ్కోర్ విషయం నిజం. ఒక విపత్తు పేరు మీద ఇచ్చిన కానుక మొత్తం ఆ పనికే వెళ్తుంది. అలా వెళ్లగలగడానికి కారణం కూడా చూడండి. దాని ఆఫీసు ఖర్చులకు ఏటా అమ్కోర్ సండే అని వేరే కానుక పడతారు. ఆ ఆదివారం మనం ఇచ్చినందుకే మిగతా రోజుల్లో నూటికి నూరు అని చెప్పుకోగలుగుతున్నారు. ఏ పనికైనా ఫోను ఎత్తే మనిషి, లెక్క రాసే మనిషి ఉండాలి. వాళ్ల జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి.

ఇక జనరల్ చర్చికి చేరే డబ్బు ఏడు నిధులుగా వెళ్తుంది. అన్నిటికంటే పెద్దది వరల్డ్ సర్వీస్ ఫండ్. మిషన్, శిష్యరికం, విద్య లాంటి ఏజెన్సీల పని దీని మీదే నడుస్తుంది. పాదిర్ల చదువుకు మినిస్టీరియల్ ఎడ్యుకేషన్ ఫండ్. చారిత్రకంగా నల్లజాతి వారి కోసం పుట్టిన 11 కాలేజీలకు 1972 నుంచి బ్లాక్ కాలేజ్ ఫండ్. నాష్‌విల్‌లోని మెహారీ వైద్య కళాశాల ఆ 11లో ఒకటి. జింబాబ్వేలో ముటారే దగ్గర 1992లో మొదలైన ఆఫ్రికా యూనివర్సిటీకి ఒక నిధి. బిషప్పుల జీతాలకు, ఆఫీసులకు ఎపిస్కోపల్ ఫండ్. జనరల్ కాన్ఫరెన్స్ సమావేశాలు, పరిపాలన, ఆడిట్లకు ఒకటి. ఇతర క్రైస్తవ శాఖలతో కలిసి చేసే పనికి ఒకటి.

వీటిలో తుఫాను ఫోటోలా కన్నీళ్లు తెప్పించేది ఒక్కటీ లేదు. ఆడిట్ కోసం ఎవరైనా ప్రత్యేక కానుక ఇస్తారా చెప్పండి. అందుకే ఇవి అందరి వాటాలోకి వచ్చాయి.

సెమినరీ_బాకీ
ఒక్క ముక్క. మినిస్టీరియల్ ఎడ్యుకేషన్ ఫండ్‌లో 25 శాతం యాన్యువల్ కాన్ఫరెన్స్ దగ్గరే ఉంటుంది, 75 శాతం డినామినేషన్ సెమినరీల వైపు వెళ్తుంది. నేను చదివేటప్పుడు ఆ 25 శాతంలోంచే నాకు సాయం అందింది. చదువయ్యాక కాన్ఫరెన్సులో పరిచర్య చేస్తే ఏటేటా కొంత మాఫీ అవుతుందన్నది షరతు. ఫీజు కాగితం మీద ఆ సాయం ఒక్క వరుస. అది లేకపోతే రెండో సెమిస్టర్ ఉండేది కాదు నాకు. మా సంఘంలో ఆ డబ్బు ఇచ్చినవాళ్లెవరికీ నా పేరు తెలియదు.

సూటిమాట
సెమినరీ_బాకీ గారూ, మీకు అందినందుకు సంతోషం, మనస్ఫూర్తిగా. కానీ నా అనుమానం తీరలేదు. 2019 నుంచి 2023 లోపు అమెరికాలో 7,600కు పైగా సంఘాలు డినామినేషన్ వదిలి వెళ్లిపోయాయి. దాదాపు నాలుగో వంతు! వాళ్ల వాటా ఎవరు మోస్తున్నారు? ఉన్నవాళ్ల నెత్తినేగా?

లెడ్జర్‌బాబాయ్
అడగాల్సిన ప్రశ్నే. జనరల్ చర్చి స్థాయిలో మాత్రం ఆ భారం ఉన్నవాళ్ల నెత్తిన వేయలేదు. 2016లో పోర్ట్‌లాండ్‌లో ఆమోదించిన నాలుగేళ్ల బడ్జెట్ దాదాపు 604 మిలియన్ డాలర్లు. కోవిడ్ వల్ల వాయిదాలు పడి, చివరికి 2024లో షార్లట్‌లో కూడినప్పుడు 2025–28కి ఆమోదించింది సుమారు 353 నుంచి 373 మిలియన్లు. వసూళ్లు బాగుంటేనే ఆ పై అంకె. అంటే ఖర్చు బాగా కోసేశారు. ఏజెన్సీల్లో ఉద్యోగాలు పోయాయి. అమెరికాలో బిషప్పుల సంఖ్య 32కు దిగింది. రెండేసి కాన్ఫరెన్సులు చూసుకునే బిషప్పులు ఇప్పుడు మామూలైపోయారు.

వెళ్లిన సంఘాలు కూడా ఊరికే వెళ్లలేదు. మన చర్చి నియమాల పుస్తకమైన బుక్ ఆఫ్ డిసిప్లిన్‌లోని 2553వ పేరా ప్రకారం మూడింట రెండొంతుల ఓటుతో పాటు, మరో 12 నెలల అపోర్షన్‌మెంట్, పెన్షన్ బాధ్యతలో తమ భాగం కట్టి వెళ్లాయి. ఆ డబ్బు ఒకసారికే. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసిన కాన్ఫరెన్సులు ఉంటే అవి ఈపాటికి తల పట్టుకునే ఉంటాయి.

కాన్ఫరెన్స్ స్థాయిలో మాత్రం మీ భయం కొట్టిపారేసేది కాదు. మొత్తం బడ్జెట్టును ఉన్న సంఘాలకు పంచే చోట, సంఘాలు తగ్గినంతగా ఖర్చు తగ్గకపోతే మిగిలినవాళ్ల మీద పడుతుంది. యాన్యువల్ కాన్ఫరెన్స్ సమావేశంలో బడ్జెట్ మీద ఓటు ఉంటుంది. మన సంఘం నుంచి లే మెంబర్, అంటే పాదిరి కాని ప్రతినిధి, వెళ్తాడు. ఆయన అక్కడ లేచి అడిగాడా, భోజనం చేసి వచ్చేశాడా అన్నది మనం చూసుకోవాలి.

లండన్_సర్క్యూట్
బ్రిటన్ మెథడిస్టు పద్ధతి ఆసక్తికరంగా ఉంటుందేమో చెబుతాను. ఇక్కడ స్థానిక సంఘం పాస్టరు జీతం నేరుగా ఇవ్వదు. సంఘాలన్నీ తమ అసెస్‌మెంట్, అంటే తమ వాటా, సర్క్యూట్‌కు (దగ్గర దగ్గరి సంఘాల బృందానికి) కడతాయి. పాదిర్ల స్టైపెండ్, అంటే జీతం, ఇచ్చేది సర్క్యూట్. ఆ పైన డిస్ట్రిక్ట్‌కు, కనెక్షన్‌కు (మొత్తం బ్రిటన్ మెథడిస్టు చర్చికి) వాటా వెళ్లేదీ సర్క్యూట్ ద్వారానే. కాబట్టి అసెస్‌మెంట్ ఎందుకు అని ఇక్కడ అడిగితే, ఆదివారం ప్రసంగానికి ఎవరూ రాకపోయినా ఫరవాలేదా అని అడిగినట్టే. గొడవలు లేవని కాదు. పెద్ద సంఘానికి ఎక్కువ వేశారు, సభ్యుల సంఖ్య తప్పు రాశారు అని ప్రతి సర్క్యూట్ మీటింగులో ఉండేదే.

ఆల్టో_అక్క
అబ్బ, ఈ పద్ధతి బాగుంది. పాస్టరు గారి జీతం మన ఒక్క సంఘం జేబు మీదే ఆధారపడకపోతే ఆయనా ధైర్యంగా మాట్లాడతారు.

విశ్రాంత_పాదిరి
మన మూలం కూడా అదే కదమ్మా. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడమెలా అని మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులు కూర్చున్నారు. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ఒక కెప్టెన్ ప్రతిపాదించాడు. చాలామంది పేదలు, అంత ఇవ్వలేరని ఎవరో అన్నారు. అయితే అందరికంటే పేదవాళ్లను పదకొండుగురిని నాకు అప్పగించండి, వాళ్లు ఇవ్వగలిగితే సరి, లేకపోతే నా దానితో పాటు వాళ్లదీ నేనే ఇస్తాను అన్నాడాయన. వారం వారం పెన్నీ కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకే మనుషుల కష్టసుఖాలు తెలిసివచ్చాయి. మెథడిస్టు క్లాస్ మీటింగు, అంటే కొద్దిమంది కలిసి ఒకరినొకరు కనిపెట్టుకునే చిన్న బృందం, పుట్టింది అలాగే. అప్పు లెక్కలోంచి పుట్టిన ఆత్మీయ పద్ధతి మనది.

సూటిమాట
అయ్యగారూ, కథ బాగుంది. కానీ ఆ కెప్టెన్ తనంతట తాను ముందుకొచ్చి మోశాడు. నాకు ఉత్తరంలో అంకె వేసి పంపుతున్నారు. రెంటికీ పోలికేమిటి?

విశ్రాంత_పాదిరి
మంచి దెబ్బే కొట్టారు. అయినా గమనించండి, వారానికి పెన్నీ అన్న అంకె ఆ రోజునే అందరికీ వేశారు. కెప్టెన్ ముందుకొచ్చింది ఇవ్వలేనివాళ్ల భాగం మోయడానికి. మన కాన్ఫరెన్సులో ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారంటే, పూర్తిగా కట్టే సంఘాలు. తక్కువ కట్టే సంఘంలో కూడా పాస్టరు ఉంటాడు, డిస్ట్రిక్ట్‌లోని సంఘాలను చూసుకునే సూపరింటెండెంట్ వస్తాడు, కనీస జీతం చాలకపోతే ఈక్విటబుల్ కాంపెన్సేషన్ నిధి ఆదుకుంటుంది. మీ నాలుగు వరుసల సంఘానికి ఎప్పుడైనా అలాంటి సాయం అందిందా? పాత రిపోర్టులు తిరగేసి చూడండి, ఊరికే అడుగుతున్నాను.

సూటిమాట
అందింది. గత పాస్టరు ఉన్నప్పుడు. ఆ నిధి వెనక ఉన్నది అపోర్షన్‌మెంట్ అని ఎవరూ చెప్పలేదు మాకు. చెప్పకపోవడం కూడా నా ఫిర్యాదే, రాసుకోండి.

నిర్వాహకుడు
చర్చ బాగుంది. కాన్ఫరెన్సుల పేర్లు, పాస్టర్ల పేర్లు మాత్రం రాయకండి. ఒక పోస్టులో తీసేశాను.

కొత్తకమిటీ
అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు సందేహాలు. ఒకటి, కానుకలు తగ్గిన ఏడాది వాటా పెరగడమేమిటి? రెండు, సగమే కడితే నిజంగా ఏం జరుగుతుంది? చార్జ్ కాన్ఫరెన్సులో సూపరింటెండెంట్ గారు మొహం చిన్నబుచ్చుకుంటారని మాత్రమే అందరూ చెబుతున్నారు.

లెడ్జర్‌బాబాయ్
మొదటిది: లెక్క వెనకటి ఏడాది అంకెల మీద ఉంటుంది. 2026 వాటాకు చాలా చోట్ల 2024 ఖర్చే ఆధారం. మంచి ఏడాదికి పడ్డ వాటా, సంఘం దిగజారిన ఏడాదిలో కట్టాల్సి వస్తుంది. చిన్న సంఘాలకు అసలు నొప్పి ఇక్కడే. నిధుల గురించి వాదించేవాళ్లు దీని గురించి మాట్లాడరు. ఒక్క ఏడాది అంకె బదులు మూడేళ్ల సగటు తీసుకునే కాన్ఫరెన్సులు కొంత నయం.

అయినా అనుమానంగానే ఉంది. ఆ ఆధార సంవత్సరంలో మీ సంఘం ఏదైనా పెద్ద పని చేయించిందా? రూఫు, బాయిలర్, పార్కింగు లాంటివి? అలాంటిది ఫారంలో ఏ వరుసలో రాశారో చూడు. కొత్త బాయిలర్ పెట్టిస్తే ఆస్తి పనుల వరుసలోకి వెళ్లాలి, వాటా లెక్కలోకి రాదు. దాన్ని భవన నిర్వహణ ఖర్చులో రాస్తే కరెంటు బిల్లుతో కలిసిపోయి వాటాను పెంచేస్తుంది.

రెండోది: అపోర్షన్‌మెంట్ కట్టని సంఘానికి జరిమానా లేదు, వడ్డీ లేదు, బాకీ అని ఎవరూ కోర్టుకు లాగరు. కానీ బుక్ ఆఫ్ డిసిప్లిన్ దీన్ని సంఘం మొట్టమొదటి దాతృత్వ బాధ్యత అంటుంది. కాన్ఫరెన్స్ గ్రాంట్లు అడిగినప్పుడు మొదట ఈ రికార్డే చూస్తారు. ఏ సంఘం ఎంత కట్టిందో కాన్ఫరెన్స్ జర్నల్‌లో అచ్చవుతుంది, అందరూ చూస్తారు.

ఇంకోటి, చాలామంది ట్రెజరర్లకే తెలియదు. బిషప్, సూపరింటెండెంట్, విశ్రాంత పాదిర్లు, కనీస జీతాల నిధి, ఈ నాలుగింటికి వచ్చే వాటా పాస్టరు జీతంతో సమాన నిష్పత్తిలో కట్టాలన్నది డిసిప్లిన్‌లో 622వ పేరా. జీతం నూటికి నూరు ఇస్తూ వీటికి సగం పంపడం కుదరదు. సగం కడదామన్న మీ సభ్యుడికి ఈ పేరా చదివి వినిపించు.

సెమినరీ_బాకీ
పాస్టరు పెన్షన్, ఆరోగ్య బీమా చాలా కాన్ఫరెన్సుల్లో వేరే బిల్లుగా వస్తాయి. వాటిని అపోర్షన్‌మెంట్‌తో కలిపేసి ఇంత దోచేస్తున్నారా అని గుండెలు బాదుకునేవాళ్లను చూశాను. ఉత్తరంలో ఏది ఏదో విడిగా చూడండి. బీమా బిల్లు ఆపితే అది వేరే కథ.

సూటిమాట
ఒక్కటి ఒప్పుకుంటాను. పూర్తిగా కట్టిన సంఘం మాట యాన్యువల్ కాన్ఫరెన్సులో చెల్లుతుంది. కట్టకుండా లేచి బడ్జెట్ తగ్గించమంటే వెనక వరుసలో నవ్వుతారు. నేను ఓసారి విన్నాను ఆ నవ్వు.

కొత్తకమిటీ
బాబాయ్ గారూ, మీ నోట ఏముందో గానీ, నిన్న సాయంత్రం ఫైలింగు క్యాబినెట్ తీసి ఆ ఏడాది ఫారం చూశాను. పాత బాయిలర్ తీసేసి కొత్తది పెట్టించిన ఏడాదే అది. బిల్లు ఫారానికి పిన్ను చేసి ఉంది, మీద పెన్సిలుతో "హీటింగ్" అని రాసి ఉంది. మొత్తం సొమ్ము నిర్వహణ ఖర్చు వరుసలో వేశారు, గ్యాసు బిల్లు పక్కనే. అప్పటి ట్రెజరర్ గారు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నారు. దీన్ని ఇప్పుడు సరిచేయించవచ్చా?

లెడ్జర్‌బాబాయ్
ఆ ఇన్వాయిస్ కాపీ జతచేసి, పాస్టరు గారి సంతకంతో కాన్ఫరెన్స్ ట్రెజరర్ ఆఫీసుకు రాయండి. గణాంకాలు సరిచేసుకోవడానికి చాలా కాన్ఫరెన్సుల్లో వీలు ఉంటుంది, గడువు మాత్రం ఒక్కో చోట ఒక్కో రకం. ఈ ఏడాదికి ఒప్పుకోకపోయినా అడిగిన కాగితం ఫైల్లో ఉండాలి. సూపరింటెండెంట్‌కు కూడా ఒక ప్రతి పంపండి.

విశ్రాంత_పాదిరి
పాత ట్రెజరర్ గారిని మీటింగులో తప్పుపట్టకండి బాబూ. ఆ పనికి రమ్మంటే మళ్లీ ఎవరూ రారు.

కొత్తకమిటీ
లేదు అయ్యగారూ, ఆవిడ పేరే ఎత్తలేదు. కమిటీ ఇవాళ కూర్చుంది. ఉత్తరం పంపుతున్నాం. జవాబు ఎలా వచ్చినా వాటా మొత్తం బడ్జెట్టులో పెడుతున్నాం. డిసెంబరులో ఒక్కసారిగా కాకుండా, ప్రతి నెలా వచ్చిన కానుకల్లోంచి ముందే ఒక శాతం తీసి పంపాలని తీర్మానం. ఫుడ్ ప్యాంట్రీకి వేరే కానుక పెట్టె. మూడో ఆయన చెయ్యెత్తలేదు, అలాగని ఎదురూ చెప్పలేదు. ఏడు నిధుల పేర్లు మాత్రం కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లారు.

ఒక్క చిన్న సందేహం: డిసెంబరు ఆఖరి ఆదివారం కానుకల్లోంచి తీసింది జనవరిలో చేరితే ఏ ఏడాది లెక్కలోకి వస్తుంది?

లెడ్జర్‌బాబాయ్
చాలా కాన్ఫరెన్సులు జనవరిలో కొద్ది రోజులు పాత ఏడాది పుస్తకం తెరిచే ఉంచుతాయి. మీ ఆఖరు తేదీ ఏదో ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. చెక్కు మెమోలో ఏ ఏడాదికో తప్పకుండా రాయి. రాయకపోతే కొత్త ఏడాదికి జమ వేసేస్తారు.